దేవుణ్ణి ఎందుకు నమ్ముతాం? ఇంట్లోవాళ్ల నమ్మకం మన సొంతం ఎప్పుడవుతుంది?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. మనుషులు దేవుణ్ణి ఎందుకు నమ్ముతారు? ఇంట్లో అందరూ నమ్ముతారు కాబట్టి మీరూ నమ్ముతున్నారు, అది మీ సొంత నమ్మకం ఎప్పుడవుతుంది? ఈ సందేహం ఇంట్లో చెప్పాలా వద్దా? మొదటిదానికి నేను చదివింది చెప్తాను. రెండోదానికి నా అనుభవమే ఆధారం. మూడోది చివర్లో.

ముందు ఒక మాట. మనిషి మొదట నమ్ముతాడు, నమ్మాడు కాబట్టి మొక్కుతాడు అని మీరు అనుకుంటున్నట్టుంది. నేను చూసినంతలో చాలామందికి ఈ వరస తిరగబడి ఉంటుంది. ముందు మొక్కుతారు. నమ్మకం ఆ తర్వాత ఎప్పుడో, చెప్పాపెట్టకుండా వచ్చి చేరుతుంది. కొందరికి ఎప్పటికీ రాదు, అయినా మొక్కుతూనే ఉంటారు. వాళ్లను దొంగభక్తులు అనడం నాకు ఇష్టం ఉండదు. ఎందుకో ముందుకెళ్తే మీకే తెలుస్తుంది.

"భయం వల్లే దేవుడు పుట్టాడు" అని తేల్చేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అందులో నిజం లేకపోలేదు గానీ, మామూలుగా అనుకునే తీరులో కాదు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో బ్రోనిస్లా మలినౌస్కీ అనే మానవశాస్త్రవేత్త న్యూగినీకి తూర్పున ఉన్న ట్రోబ్రియాండ్ దీవుల్లో చాలాకాలం గడిపాడు. అక్కడివాళ్లు చేపలు పట్టేది రెండు చోట్ల. ఒడ్డును ఆనుకుని అలలు లేని లోపలి నీళ్లలో ఒకటి, నడిసముద్రంలో ఒకటి. లోపలి నీళ్లలో ప్రమాదం లేదు, వెళ్తే చేపలు ఖాయం. అక్కడికి పోయేటప్పుడు మంత్రమూ లేదు, తంతూ లేదు. అదే మనుషులు నడిసముద్రంలో వేటకు బయల్దేరేముందు మాత్రం పెద్ద తతంగమే జరిపేవారు. ఇందులో నాకు నచ్చేది ఏమిటంటే, వాళ్లు అమాయకులు కారు. పని తమ చేతిలో ఉన్నంతవరకు చేతినే నమ్ముకున్నారు. చేతిలో లేనిచోట మొక్కు మొదలైంది. మనమూ అంతేగా? వచ్చిన లెక్క చేసేటప్పుడు ఎవరం దేవుణ్ణి తలుచుకోం. రిజల్ట్స్ వచ్చే రోజు తలుచుకుంటాం.

2011 ఫిబ్రవరిలో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో భూకంపం వచ్చి 185 మంది చనిపోయారు. ఆ దేశంలో అప్పటికి మతవిశ్వాసం తగ్గుతూ వస్తోంది. భూకంపం దెబ్బ తిన్నవాళ్లలో మాత్రం అది పెరిగిందని క్రిస్ సిబ్లీ, జోసెఫ్ బుల్బులియా 2012లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. అదే అధ్యయనంలో ఇంకో సంగతి కూడా ఉంది. మతం ఉన్నంత మాత్రాన వాళ్ల ఆరోగ్యానికి ప్రత్యేకంగా కాపుదల దొరికినట్టు కనపడలేదు. అంటే ఊరటకోసం వెళ్లారు, వెళ్లినందుకు ఒంటికి లాభమేమీ రాలేదు, అయినా వెళ్లారు.

కానీ భయం మనిషిని గుమ్మం దాకా తెస్తుందే తప్ప లోపల కూర్చోబెట్టదు. టెన్షన్ తీరగానే గాలికొదిలేసిన మొక్కులు మీకూ ఉంటాయి, నాకూ ఉన్నాయి. పొదలో గలగలమంటే గాలి అనుకున్నవాడికంటే పులి అనుకుని పరుగెత్తినవాడే బతికి బట్టకట్టాడు, అందుకే ప్రతిదాని వెనకా ఎవరో ఉన్నారనుకోవడం మన రక్తంలో ఉంది అనే సిద్ధాంతం కూడా ఒకటి ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది. అయితే పొద దగ్గర ఉలిక్కిపడటం ఒక క్షణం పని. ఏళ్ల తరబడి రోజూ ఒకరితో కష్టసుఖాలు చెప్పుకోవడం పూర్తిగా వేరే పని. మొదటిది రెండోదిగా ఎలా మారిందో ఆ సిద్ధాంతం చెప్పదు.

నాకు వీటన్నిటికంటే నమ్మబుద్ధయ్యేది జోసెఫ్ హెన్రిక్ అనే మానవశాస్త్రవేత్త 2009లో చెప్పిన మాట. పిల్లలు పెద్దల మాట విని నమ్మేయరు, ఆ మాట కోసం పెద్దలు ఏం కష్టపడుతున్నారో, ఏం వదులుకుంటున్నారో చూసి నమ్ముతారని ఆయన వాదన. నోటితో ఏదైనా చెప్పొచ్చు, ఖర్చేముంది? జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా లేచి కూర్చుని ప్రార్థన ముగించి పడుకునే మనిషిని చూస్తే మాత్రం, ఇందులో ఏదో ఉందని పిల్లలకు అనిపిస్తుంది. మా ఇంట్లో రెండు రకాలూ ఉండేవారు. నాన్న దేవుడి గురించి చాలా బాగా మాట్లాడేవారు, ఇంటికొచ్చినవాళ్లు కూర్చుని వినేవాళ్లు. అమ్మ ఆ విషయం ఎత్తేదే కాదు, తన ప్రార్థన తాను చేసుకునేది. నాన్న చెప్పినవాటిలో ఒక్కటీ నాకు ఇప్పుడు గుర్తులేదు.

ఇంకో ప్రయోగం గురించి చెప్పి నా సంగతికి వస్తాను. ఎందుకంటే మీ రెండో ప్రశ్నకు దీనితో చుట్టరికం ఉంది. జస్టిన్ బారెట్, ఫ్రాంక్ కీల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1996లో కొందరికి చిన్న కథలు ఇచ్చారు. ఒక కథలో ఒక పిల్లవాడు నదిలో ఈదుతుంటే రాళ్ల మధ్య కాలు ఇరుక్కుంటుంది. ప్రార్థిస్తాడు. ఆ సమయానికి దేవుడు ప్రపంచంలో ఇంకోచోట ఇంకొకరి మొర ఆలకిస్తున్నాడు. కాసేపటికి రాయిని జరిపి పిల్లవాణ్ణి విడిపిస్తాడు. తర్వాత కథ గుర్తుచేసుకోమంటే చాలామంది, దేవుడు ముందు అక్కడి పని ముగించుకుని తర్వాత ఇక్కడికొచ్చినట్టు గుర్తుపెట్టుకున్నారు. కథలో ఆ మాట లేదు. దేవుడు అంతటా ఉంటాడా, ఒకేసారి అన్నీ చేయగలడా అని విడిగా అడిగితే మాత్రం అవుననే అన్నారు. బారెట్ తర్వాత ఉత్తర భారతంలో హిందువుల దగ్గర కూడా ఇలాగే చేసి చూశాడు, ఫలితం దాదాపు అదే. సిద్ధాంతంలో సర్వాంతర్యామి, మనసులో మాత్రం ఒకరి తర్వాత ఒకరికి టైమిచ్చే పెద్దమనిషి!

దీన్ని చదివి నవ్వుకున్నాను గానీ, నమ్మకం సొంతం కావడానికి ఈ బలహీనతే దారి అని నా అనుమానం. తత్వంతో ఎవరం మాట్లాడలేం. అలగడానికైనా, అడగడానికైనా ఎదురుగా ఒకరుండాలి.

ఇక నా అనుభవం. ఏ మతం అని అడగకండి, ఏ మతంలో పుట్టినా జరిగేదే చెప్తున్నాను.

కాలేజీలో చేరాక ప్రార్థన మానేశాను. తిరుగుబాటేమీ కాదు. హాస్టల్లో చూసేవాళ్లు లేరు, మానేశాను. నాస్తికుణ్ణి అని చెప్పుకోవాలన్నా దాని గురించి కొంత ఆలోచించాలి కదా, ఆ ఓపిక కూడా లేదు. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఇలా చాలా ఏళ్లు గడిచిపోయాయి.

అమ్మకు అల్జీమర్స్ వచ్చింది. మొదట తాళాలు ఎక్కడ పెట్టిందో మరిచిపోయేది, తర్వాత మనుషుల పేర్లు, ఆ తర్వాత మనుషులనే. ఒకసారి నేను గదిలోకి వెళ్తే కొంగు సర్దుకుని, "రండి బాబూ, కూర్చోండి. ఎవరికోసం వచ్చారు?" అంది. కొత్తవాళ్లు ఇంటికొస్తే మాట్లాడే గొంతుతో.

ప్రార్థన మాత్రం పోలేదు. భోజనం చేసిందో లేదో తెలియని మనిషి, రాత్రి పడుకోబోయేముందు చెప్పే అంత పొడుగు ప్రార్థన తడబాటు లేకుండా చెప్పేది. డాక్టరుగారు ఇది వింతేమీ కాదన్నారు. చిన్నప్పుడు లయతో నోటికి పట్టినవి, పాటలు గానీ ప్రార్థనలు గానీ, ఈ జబ్బులో చాలాకాలం నిలిచే ఉంటాయట.

పొద్దు వాలేసరికి అమ్మకు ఆందోళన మొదలయ్యేది. సొంత ఇంట్లో ఉండి, "మా ఇంటికి పంపించేయండి, చీకటి పడుతోంది" అని గుమ్మం దగ్గర నిలబడేది. ఏం చెప్పినా వినేది కాదు. ప్రార్థన ఎత్తుకుంటే మాత్రం వచ్చి కూర్చునేది. అందుకని పక్కన కూర్చుని నేనే మొదలుపెట్టేవాణ్ణి. భక్తి ఏమీ లేదు, ఆమెను శాంతపరచడానికి పనికొస్తోంది కాబట్టి చెప్పేవాణ్ణి. మధ్యలో ఒక భాగం నాకు సరిగ్గా గుర్తుండేది కాదు. దాటేసి ముందుకెళ్తే, అమ్మ కళ్లు తెరవకుండానే చూపుడువేలితో నా మోకాలి మీద టకటకా కొట్టేది. మళ్లీ మొదటినుంచి చెప్పాలి. నా పేరు తెలియదు, నేనెవరో తెలియదు, నేను మింగేసిన మాట మాత్రం తెలుసు.

అక్క కూడా అదే ఇంట్లో, అదే అమ్మను చూసింది. మా ఇద్దరిలో భక్తి ఉన్నది తనకే. "ఒక్క పూట తప్పకుండా మొక్కిన మనిషికి ఇదా దక్కేది? మొక్కినా వరమివ్వని వేల్పును వదిలెయ్యమని మనకు బళ్లో నేర్పలేదూ?" అంది ఒకరోజు. ఆ తర్వాత తను మొక్కడం మానేసింది, ఇప్పటికీ మొదలుపెట్టలేదు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. కష్టం వస్తే నమ్మకం పెరుగుతుందని కొందరు, పోతుందని కొందరు వాదిస్తుంటారు. మా ఇంట్లో ఒకే కష్టం ఒకరిని బయటికి పంపింది, ఒకరిని లోపలికి తెచ్చింది. కాబట్టి ఆ వాదనలు ఎవరు చేసినా నేను తల ఊపి ఊరుకుంటాను.

అమ్మ పోయాక కూడా ఆ వేళకు ఆ మాటలు నోటికి వచ్చేసేవి. అలవాటు. ఆపాలని కూడా అనిపించలేదు. కొన్నాళ్లకు ఆఫీసులో నాకు రావలసింది ఇంకొకరికి ఇచ్చారు. ఆ కోపం కడుపులో పెట్టుకునే ఇంటికొచ్చి, మామూలుగా ప్రార్థన చెప్పుకుంటూ, సగంలో ఆగిపోయాను. "అసలు వింటున్నావా నువ్వు?" అన్నాను. పైకే అన్నాను.

అంతకుముందు నేను చెప్పినదంతా వల్లెవేయడం. ఆ ఒక్క వాక్యం మాత్రం ఎవరూ నేర్పినది కాదు. ఎవరినో ఉద్దేశించి అన్నది. మీ రెండో ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇదే: ఆ సాయంత్రం అది నాదైంది. మనసుకు హాయి అనిపించలేదు, వెలుగేమీ కనపడలేదు. నిజానికి ఆ రోజంతా చిరాగ్గానే ఉన్నాను. ఉద్యోగం సంగతి కూడా ఏమీ మారలేదు.

"నువ్వు మాట్లాడింది మీ అమ్మతో" అని ఒక స్నేహితుడు అన్నాడు. కావచ్చు. కాదని నిరూపించే దారి నా దగ్గర లేదు, వెతకడం కూడా మానేశాను.

ఇక్కడ ఒక విషయం కచ్చితంగా చెప్పాలి. ప్రార్థన స్విచ్ లాంటిది కాదు. 2006లో హెర్బర్ట్ బెన్సన్ బృందం అమెరికాలో ఆరు ఆసుపత్రుల్లో గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మంది మీద చేసిన అధ్యయనం ఫలితాలు ప్రచురించింది. వాళ్లను మూడు గుంపులు చేశారు. తమకోసం ప్రార్థిస్తున్నారో లేదో తెలియనివాళ్లు రెండు గుంపులు. వాళ్లలో ప్రార్థన అందినవాళ్లకు 52 శాతం మందికీ, అందనివాళ్లకు 51 శాతం మందికీ ఆపరేషన్ తర్వాత ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. తేడా లేనట్టే. ప్రార్థిస్తున్నారని ముందే చెప్పిన మూడో గుంపులో అది 59 శాతం! "నా పరిస్థితి అంత బాగోలేదా, ఇంతమంది ప్రార్థిస్తున్నారు?" అని కంగారు పడ్డారేమో అని ఒక వివరణ. నాస్తికులు ఈ అధ్యయనాన్ని గెలిచిన కప్పులా చూపిస్తారు, ఆస్తికులు దీని పేరెత్తరు. నాకైతే ఇది ఊరటగానే ఉంది. అమ్మ మొక్కులో లోపం ఉండి జబ్బు రాలేదు. అక్క ఇది చదివి, "మరి ఎందుకు మొక్కడం?" అంది. ఫలితం కోసమే అయితే మొక్కక్కర్లేదు, తన మాటే నిజం.

ముందు మొక్కు, తర్వాత నమ్మకం అనే వరస నేను కనిపెట్టింది కాదు. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచ్ గణితవేత్త పాస్కల్, నమ్మాలని ఉన్నా నమ్మలేకపోతున్నవాడికి ఇచ్చిన సలహా అదే. నమ్మేవాళ్లు ఏం చేస్తారో అవి చేయడం మొదలుపెట్టమన్నాడు. పాస్కల్ పేరు చెప్పగానే అందరికీ ఆయన పందెం గుర్తొస్తుంది, దేవుడున్నాడని నమ్మితే పోయేదేమీ లేదనే లెక్క. నాకు ఆ లెక్క ఎప్పుడూ నచ్చలేదు, బేరంలా ఉంటుంది. ఆయన సొంత నమ్మకం ఆ లెక్కతో వచ్చింది కూడా కాదు. 1654 నవంబరు 23 రాత్రి పదిన్నర నుంచి అర్ధరాత్రి దాటేదాకా ఆయనకు ఏదో అనుభవమైంది. దాన్ని కాగితం మీద రాసుకున్నాడు. "నిప్పు" అని ఒక మాట, దాని కింద, అబ్రహాము, ఇస్సాకు, యాకోబుల దేవుడు, తత్వవేత్తల, పండితుల దేవుడు కాదు అని. ఎవరికీ చూపించలేదు. 1662లో చనిపోయాక ఆయన కోటు లోపల కుట్టి ఉంటే బయటపడింది. ఆ అనుభవం కలిగిన 1654లోనే, ఫెర్మా అనే ఇంకో గణితవేత్తతో ఉత్తరాలు నడిపి సంభావ్యతా గణితానికి పునాది వేసిన మనిషి ఆయన. తర్కం చేతగాక అలా రాసుకున్నాడని ఎవరూ అనలేరు.

అలాంటి రాత్రి అందరికీ వస్తుందని మాత్రం ఆశపెట్టుకోకండి. మామూలు మనుషులకు ఇది సాధనతో వస్తుంది. తాన్యా లూర్మన్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త, దేవుడు తమతో మాట్లాడతాడని చెప్పే చర్చి సభ్యుల మధ్య ఏళ్ల తరబడి ఉండి గమనించింది ఇదే. కొందరు ఎదురుగా ఇంకో కప్పు కాఫీ పెట్టుకుని, దేవుడు కూర్చున్నాడనుకుని మాట్లాడటం అలవాటు చేసుకునేవారు. మొదట్లో వాళ్లకే వెర్రిగా ఉండేది. పోనుపోను, మనసులో వచ్చే ఆలోచనల్లో ఏది తనది, ఏది తనది కాదు అని వేరుచేసి చూడటం నేర్చుకున్నారు. దీన్ని చదివి, ఇదంతా ఊహే అని కొట్టేయవచ్చు. వినడానికి చెవిని సిద్ధం చేసుకున్నారు అని కూడా అనుకోవచ్చు. లూర్మన్ తాను ఏ తీర్పూ ఇవ్వలేదు, నేనూ ఇవ్వను.

సాధన చేసినా ఏమీ వినపడనివాళ్లూ ఉన్నారు. మదర్ థెరిసా ఉత్తరాలు ఆమె చనిపోయిన పదేళ్లకు, 2007లో అచ్చయ్యాయి. దాదాపు యాభై ఏళ్లు లోపల శూన్యమే తప్ప దేవుడి జాడ తెలియలేదని అందులో ఉంది. ఆ యాభై ఏళ్లూ ఆమె ప్రార్థన మానలేదు, పని మానలేదు. మొదట్లో దొంగభక్తులు అనే మాట నాకు ఇష్టం లేదన్నది అందుకే. లోపల ఏమీ అనిపించకపోయినా చేసుకుంటూ పోయేవాళ్లను అంత తేలిగ్గా కొట్టిపారేయలేం.

మీ విషయానికొస్తే, ఇంట్లోవాళ్ల వల్ల వచ్చింది కాబట్టి అది మీది కాదు అనుకోనక్కర్లేదు. అందరికీ ఎక్కడినుంచో రావలసిందే. ఒకటి గమనించి చూడండి. ఒంటరిగా ఉన్నప్పుడు, ఎవరూ చూడనప్పుడు, నేర్పని మాట ఒక్కటైనా ఆయనతో అంటున్నారా? తిట్టైనా సరే. అంటుంటే అది మీదే. అనకపోతే ఇంకా ఇంట్లోవాళ్లదే, అందులోనూ తప్పేమీ లేదు. తొందరపడి ఏదో ఒకటి తేల్చుకోవద్దు. ప్రశ్నలు వేస్తే ఉన్నది కాస్తా పోతుందేమో అని కూడా అడిగారు. పోవచ్చు. మా అక్కకు పోయింది. తను నాకంటే ఓపికగా అమ్మకు సేవ చేసింది, ఇప్పుడూ నాకంటే ప్రశాంతంగానే ఉంది.

ఇంట్లో చెప్పాలా అంటే, చెప్పండి, కానీ మనిషిని చూసుకుని చెప్పండి. దేవుడి గురించి బాగా మాట్లాడేవాళ్లకు ముందు చెప్పొద్దు. వాళ్లు మిమ్మల్ని వాదనలో గెలవాలని చూస్తారు. మా నాన్నకు హాస్టల్ నుంచి వచ్చినప్పుడు చెప్తే ఒక పూటంతా క్లాసు తీసుకున్నారు, దాంతో ఉన్న కాస్త ఆసక్తీ పోయింది. మాట్లాడకుండా చేసుకునేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు చెప్పండి, వాళ్లకు మీ సందేహం కొత్తగా అనిపించదు. చెప్పాక కూడా ప్రార్థనకు రమ్మని పిలిస్తే వెళ్లడమా మానడమా అన్నది మీ ఇష్టం. వెళ్తే కపటం అవుతుందేమో అని మాత్రం టెన్షన్ పడకండి, అక్కడ కూర్చున్నవాళ్లలో మీలాంటివాళ్లు ఇంకా ఉంటారు.